వెనక్కి జరిపితే పెద్దదయ్యే బొమ్మ

వంక పొంగి మా పేటలో మగ్గం గుంతలన్నీ నీళ్లతో నిండిపోయిన ఏడు ఒకటి ఉంది. ఇది దాని మరుసటి ఏటి సంగతి. అప్పటికి కర్నూలే రాజధాని. ఎమ్మిగనూరులో మా వయసు వాళ్లు ఇప్పటికీ ఏ పెళ్లి అయినా ఏ చావు అయినా ఆ వరదకు ముందా వెనకా అనే లెక్క పెట్టుకుంటారు.

నీళ్లు తీసి గుంతలు ఆరీ ఆరకముందే మా సిద్దమ్మ పోయింది. వాంతులు, భేదులు. ఎక్కువసేపు పట్టలేదు. మాకు పిల్లలు లేరు. ఆమె ఫోటో లేదు. ఫోటో దిగాలంటే ఆదోని పోవాలి. పోవాలని ఇద్దరికీ తోచలేదు.

ఆమె పోయినాక నాకు మాట పడిపోయిందని జనం అన్నారు. ఉన్నప్పుడు కూడా మేము మాట్లాడుకున్నది తక్కువే. నేను గుంతలో కూర్చుని నేసేవాణ్ని. ఆమె వసారాలో రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. రాట్నం చప్పుడు ఆగితే కండెలు అయినాయని నాకు తెలిసేది. మగ్గం చప్పుడు ఆగితే నాకు నీళ్లు కావాలని ఆమెకు తెలిసేది. దానికి మాటలెందుకు.

వరదకు ముందు ఎండాకాలంలో సర్కారు వాళ్లు మా పేటకు వచ్చి, నేతపని మీద బొమ్మ, అంటే సినిమా, తీసుకుని పోయారు. ఆ రోజు నేను ఊళ్లో లేను. నందవరంలో పెళ్లివాళ్లకు చీరలు ఇచ్చి రావడానికి పోయాను. పొద్దు గూకినాక వస్తే సిద్దమ్మ అన్నం పెడుతూ, "మన ఇంటి ముందరే తీసినారు బొమ్మ. రాట్నం తిప్పేది తీసినారు" అంది. "సరే" అన్నాను. అంతకు మించి నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఆ బొమ్మ తయారై ఊళ్లకు వస్తోందని మా నేత సంఘం ప్రెసిడెంటు శేషన్న వచ్చి చెప్పినప్పుడు నేను వీధిలో పడుగు సాచి గంజి పెడుతున్నాను. చేతిలో కుంచె నిలిచిపోయింది.

"మన ఆఫీసులోనే ఆడిస్తారంట ఉరుకుందప్పా. తెర మటుకు మనమే కట్టుకోవల్లంట" అన్నాడు శేషన్న.

"తెర నేను నేస్తా" అన్నాను.

"యెంత నేస్తావు?"

"గోడంత."

శేషన్న నన్ను ఒకసారి చూసి, సరేనని పోయాడు.

బట్ట ఎంత పెద్దదైతే బొమ్మ అంత పెద్దది అవుతుందని నా లెక్క. మగ్గం మీద పెరిగినవానికి ఇంకో లెక్క ఎట్లా తెలుస్తుంది? మాకు మగ్గం ఎంత వెడల్పుంటే బట్ట అంత వెడల్పు, బట్ట ఎంత ఉంటే పువ్వు అంత. సిద్దమ్మ ఎంత మనిషో అంతా కనపడాలని నాకు ఉండింది. కూర్చున్న మనిషి కూర్చున్నంత. బొమ్మలో బొమ్మలాగా కాదు, మా వసారాలో కనపడినట్టు. ఇంకేమీ కోరలేదు.

దుప్పటి మగ్గం మీద తెల్లనూలు బట్ట నేశాను. గోడంత రావాలంటే ఒక పన్నా చాలదు, రెండు కలిపి కుట్టాలి. కుట్టు నడుమన వస్తే ముఖం మీద పడుతుందేమోనని పై పన్నా వెడల్పుగా, కింది పన్నా సన్నంగా నేసి, కుట్టును కిందికి తెచ్చుకున్నాను.

బండి వచ్చింది. దాన్ని నడిపించేవాడు ఒకడు, బొమ్మ ఆడించేవాడు ఒకడు. ఆడించేవాని పేరు దావీదు, కర్నూలు మనిషి. సన్నగా, చొక్కా చేతులు మడిచి ఉన్నాడు. పొద్దు గూకేసరికి ఆదోని చేరాలంట, అందుకని మా ఊళ్లో ఆట మధ్యాహ్నమే పెట్టుకున్నారు. సంఘం ఆఫీసు కిటికీలకు గొర్రెబొచ్చు కంబళ్లు కట్టి చీకటి చేశారు. కరెంటు పుట్టించే ఇంజను బండిలోనే ఉంది, బయట గుడగుడమంటోంది.

నా తెర కట్టారు. గోడ కనపడలేదు. దావీదు మిషనును గది నడుమ బల్ల మీద పెట్టి వెలుతురు వదిలాడు. అంత తెల్లబట్టలో నడిమధ్యన చిన్న చతురం పడింది, దుప్పటికి మాసిక వేసినట్టు.

మా పక్కింటి తిక్కయ్య ఊరుకునే మనిషి కాదు. "యేందప్పా, ఈ మాసిక కోసరమా మా ఉరుకుందన్న నెల దినాలు దుప్పటి నేసింది?" అన్నాడు.

"సలికాలం వస్తాది లే, కప్పుకుంటాడు" అని వెనక నుంచి ఎవరో అన్నారు. నవ్వారు. నేను మిషను దగ్గరికి పోయాను.

"ఇంతేనా అప్పా?" అని దావీదును అడిగాను.

"గుడ్డ యెంతుంటే యేముందన్నా" అన్నాడు దావీదు. "బొమ్మ సైజు గుడ్డలో లేదు. ఈ మిషనుకూ ఆ గుడ్డకూ నడుమ యెంత దూరముందో దాంట్లో ఉండాది." మిషను ముందరి అద్దం దగ్గర వేలు పెట్టి చూపించాడు. "ఈడ బొట్టంత బయల్దేరుతాది. పోతా పోతా వెడల్పయితాది. దగ్గర ఆపితే సిన్నది, దూరం ఆపితే పెద్దది."

"మనిషి మనిషంత రావల్లంటే?"

"నిలబడిన మనిషా?"

"కూసున్న మనిషి. రాట్నం కాడ."

దావీదుకు ఆ బొమ్మలో ఏముందో తెలుసు. తెర వైపు చూసి, వాకిలి వైపు చూసి, "ఈ గది సాలదు. వసారాలోకి పోవల్ల" అన్నాడు.

"పోదాం."

"పోవచ్చు. కానీ మిషనులో ఉండే దీపం అదే గదన్నా. రెండింతలు యెనక్కి జరిగితే బొమ్మ అడ్డానికి రెండింతలు, నిలువుకు రెండింతలు. అంటే ఈ వెలుతురే నాలుగింతల జాగాలో పరుసుకోవల్ల. మబ్బేసినట్ల ఉంటాది. పైగా పగటి పూట."

అది నాకు బాగా తెలిసింది. ఒక పడుగుకు కాచిన గంజిని నాలుగు పడుగులకు పూస్తే ఏ పోగూ నిలవదు. తెలిసినా నా కోరిక మారలేదు.

శేషన్న జనాన్ని అడిగాడు. "సిన్నది తెల్లగా కావల్లనా, పెద్దది మబ్బుగా కావల్లనా?"

"పెద్దదే" అన్నారు అందరూ. "యెనుమును కొనేటప్పుడైనా ఇంతే గదా మనం. పాలు ఇచ్చినా ఇయ్యకున్నా పెద్దది కావల్ల" అన్నాడు తిక్కయ్య.

బల్లను వసారాలోకి మోశాము. మిషను చుట్టూ కంబళ్లు కట్టాము. అయినా పెంకుల సందుల్లోంచి ఎండ పడుతూనే ఉంది. బొమ్మ మొదలైంది. ఈసారి తెర నిండింది. నూలు, రంగు తొట్లు, వీధిలో సాచిన పడుగులు. ఎవరో పెద్దమనిషి గొంతు మన పని గురించి మనకే చెబుతోంది. జనం దాన్ని వినలేదు. ఇది మా వీధి, అది మా గోడ అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. మనుషులు మాత్రం బూడిదతో చేసినట్టు ఉన్నారు. ఎవరు ఎవరో నడకను బట్టి చెప్పాలి.

తర్వాత రాట్నం వచ్చింది. మా వసారా. దాని ముందు కూర్చున్న మనిషి, కొంగు తలమీద, వంగి ఉంది. చూరు నీడలో ముఖం కనపడలేదు. కానీ ఒంటిమీద చీర అంచు కనపడింది. ముదురు రంగు మీద తెల్లగింజలు, తెరమీద ఒక్కొక్కటి నా పిడికిలంత.

రుద్రాక్ష అంచు అందరూ నేస్తారు, గింజ పక్కన గింజ. నేను మటుకు రెండు చిన్న గింజలు, ఒక పెద్ద గింజ వేసేవాణ్ని. ఆ వరస మా పేటలో ఇంకొకరు వెయ్యరు. అట్లాంటి చీర సిద్దమ్మకు ఒక్కటే నేశాను. పోయినప్పుడు ముత్తైదువను మంచి చీరలో పంపాలని అదే కట్టి పంపాము.

"మా సిద్ది" అన్నాను. గట్టిగానే అన్నానంట.

మా వీధి, మా గోడ అనే మాటలు ఆపి జనం నా వైపు తిరిగారు. నా పక్కన తిక్కయ్య "అది..." అని ఏదో అనబోయాడు. ఆడవాళ్లు కూర్చున్న వైపు నుంచి వాని భార్య లక్ష్మక్క "ఊరికే ఉండు" అంది. వాడు ఊరుకున్నాడు. తిక్కయ్య అనబోయిన మాట మింగడం నేను చూడటం అదే మొదటిసారి. నా దుఃఖానికి మర్యాద ఇచ్చారనుకున్నాను.

ఆమె కూర్చున్నంత ఉంది. లేచి వచ్చేటంత దగ్గర్లో ఉంది. తర్వాత దుప్పట్ల దొంతులు వచ్చాయి, ఆఫీసర్లు వచ్చారు. అవేవీ నేను చూడలేదు.

ఆట అయినాక పోతూ పోతూ జనం నా భుజం తట్టారు. నేను మిషను దగ్గర నిలబడ్డాను. దావీదు తీగలు చుట్టుకుంటున్నాడు.

"రాట్నం కాడ ఉన్యామె యెవరన్నా?"

"మా ఇంటామె. పోయిన వానలప్పుడు పోయింది."

అతని చేతులు ఆగాయి.

"ముఖం కనపళ్ళే" అన్నాను.

"అంత పెద్దది సేస్తే కనపడదన్నా." కొంచెంసేపు తీగ చుట్టి మళ్లీ అన్నాడు. "ఇప్పుడు ఆదోనిలో ఒక పత్తి జిన్నింగు మిల్లు మేనేజరు ఇంట్లో ఆడిస్తాండాం. సిన్న గది. బొమ్మ కిటికీ అంతే పడతాది. కానీ అద్దంలో సూసుకున్నట్ల ఉంటాది. వస్తావా?"

ఇంటికి పోయి తలుపుకు గొళ్లెం పెట్టి వచ్చి బండెక్కాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లు ఎవరూ లేరు.

దారి పొడుగునా దావీదు మాట్లాడుతూనే ఉన్నాడు. "ఇండ్లలో ఆడించేటప్పుడు అందరూ ఒకటే అడుగుతారన్నా, ఇంగొంచెం పెద్దది సెయ్యి, ఇంగొంచెం పెద్దది సెయ్యి అని. మూరెడు దూరంలో కూసున్నోనికి పెద్దది యేం సేసుకోను? మెడ తిప్పల్ల అటూ ఇటూ. యెనకాల గోడకు ఆనుకున్నోనికి కావల్ల పెద్దది. కూసునే దూరం సూసుకుని బొమ్మ పెట్టుకోవల్ల. ఈ మాట యెవురికీ యెక్కదు."

నేను ఊ కొడుతూ ఉన్నాను. రెండు పక్కలా నల్లరేగడి చేన్లు. పత్తి ఇంకా పగల్లేదు. కిటికీ అంత బొమ్మలో ముఖం ఎంత ఉంటుందని అరచేయి చూసుకున్నాను. వక్కంత ఉంటుందేమో. వక్కంత అయినా చాలు, ముఖమైతే.

మేనేజరు ఇంట్లో తెర లేదు. కొత్తగా సున్నం కొట్టిన గోడ ఉంది. దావీదు మిషనును ఒక స్టూలు మీద, గోడకు దగ్గరగానే పెట్టాడు. ఇంటివాళ్లు కుర్చీల్లో, చాప మీద కూర్చున్నారు. నేను వాకిలి పక్కన నిలబడ్డాను. మేనేజరు భార్య సరోజమ్మ నన్ను చూసింది.

"యెవరప్పా నువ్వు?"

"ఎమ్మిగనూరు నేతాయనమ్మా" అని దావీదే చెప్పాడు. "బొమ్మలో వీళ్లింటామె ఉండాది."

"అట్లనా. మరి ఆడ నిలబడితే యేం కనపడతాది? ముందరికి రాప్పా."

పోయి అందరికంటే ముందర, నేలమీద కూర్చున్నాను. దావీదు దీపం ఆర్పాడు.

అదే బొమ్మ. కానీ అదే అంటే ఎవరూ నమ్మరు. పోగు పోగు లెక్క పెట్టవచ్చు. రంగు తొట్టిలో బుడగ లేచి పగలడం కనపడుతోంది. రాట్నం వచ్చింది. మొదట అంచు చూశాను. రెండు చిన్న గింజలు, ఒక పెద్ద గింజ, మినుముల్లాగా. అక్కడి నుంచి కళ్లు పైకి ఎత్తాను.

లక్ష్మక్క.

ముక్కుపుడక, పైపెదవి మీద పుట్టుమచ్చ, అంతా లక్ష్మక్కే. పొద్దున లేస్తే మా గోడ అవతల కనపడే ముఖం. కండె చుడుతూ చుడుతూ తల ఎత్తింది, మా వైపు ఎవరినో చూసినట్టు చూసి నవ్వింది, కొంగు సర్దుకుని మళ్లీ వంగింది. ఆఫీసులో ఆ నవ్వు కూడా కనపడలేదు.

"ఆ నవ్విన ఆమేనా మీ ఇంటామె?" అంది సరోజమ్మ వెనక నుంచి.

"ఊ" అన్నాను.

"లచ్చణంగా ఉండాది. పిల్లోళ్లు యెందరు?"

"లేరమ్మా."

ఆమె అటు తిరిగి, "దావీదూ, ఆయప్ప అంత దూరం నుంచి వచ్చినాడు. ఆ ముక్క ఇంగొకసారి ఆడించు" అంది.

దావీదు ఫిల్ము చుట్టను వెనక్కి తిప్పి మళ్లీ ఆడించాడు. ఈసారి నేను లక్ష్మక్కను చూడలేదు. అంచుల వెంబడి చూశాను. గుంజ పక్కన, గడప దగ్గర, రాట్నం వెనక. ఒక చెయ్యి గానీ, చీర కుచ్చెళ్లు గానీ, కాలి వేళ్లు గానీ, కనీసం నేలమీద నీడ గానీ. సిద్దమ్మ ఆ రోజు ఆ ఇంట్లోనే ఉంది కదా, ఎక్కడో ఒకచోట ఉండాలి. గుంజ ఉంది, గడప ఉంది. బొమ్మ అయిపోయిన చోటి నుంచి సున్నం గోడ ఉంది.

"కనపడినాదా అన్నా?" అని బండి దగ్గర దావీదు అడిగాడు.

"కనపడినాదప్పా."

అతనికి సంతోషమైంది. నా చెయ్యి పట్టుకుని, "రేపు ఆలూరుకు పోతాం" అని చెప్పి పోయాడు.

ఆ రాత్రి ఆదోని బస్టాండులో పడుకున్నాను. ఆఫీసులో ఆ కాసేపు నాకు సిద్దమ్మ ఉంది. నేను ఆదోని పోకుండా ఉంటే ఇంకా ఉండేది.

మరుసటి పొద్దున మొదటి బస్సుకు దిగి, ఇంటికి పోకుండా నేరుగా పక్కింటికి పోయాను. లక్ష్మక్క ఇంటి ముందర రంగు అద్దిన నూలు చిలపలను వెదురు మీద ఆరేస్తోంది. తిక్కయ్య లేడు.

"యాడికి పోయినావన్నా రాత్రి? గొళ్లెం పెట్టింది పెట్టినట్లే ఉండాది. మా ఆయప్ప రెండుసార్లు వచ్చి సూసినాడు" అంది.

"ఆదోనికి. బొమ్మ సూసేదానికి."

ఆమె చెయ్యి చిలప మీదే ఆగింది.

"ఆడ సిన్నగా వేసినారు. ముఖం తెల్లగా కనపడినాది" అన్నాను.

"నేనే అన్నా" అంది.

"ఆ సీర?"

"సిద్దక్కనే కూసోమన్యారు ఆ బొమ్మోళ్లు. కూసోలేదు. మా ఆయప్ప ఊళ్లో లేడు, నాకు సిగ్గు, నువ్వు కూసో లక్ష్మీ అన్యది. నా సీర భుజం కాడ సినిగిండె. లోపలికి పోయి పెట్టెలోది తెచ్చి తనే కట్టింది. ఈ అంచు బొమ్మలో పడల్ల, మా ఆయప్ప నేసింది అన్యది."

చిలప నుంచి రంగునీళ్లు కారి ఆమె పాదాల మీద పడుతున్నాయి.

"సిద్ది యాడుండె అప్పుడు?"

"మిషను యెనకాల. వాళ్లకు మజ్జిగ ఇస్తా నిలబడిండె."

నేను మా వసారా వైపు చూశాను.

"నిన్న యేల సెప్పలేదు?"

"నువ్వు మా సిద్ది అన్యావు గదన్నా. ఇంగ యెట్ల సెప్పేది? మా ఆయప్ప నోరు తెరిస్తే నేనే మూయిస్తిని."

ఆమె మళ్లీ పనిలో పడింది. ఒక చిలప ఆరేసింది, ఇంకొకటి పిండింది. నేను పోవడానికి తిరిగాను.

"అన్నా" అంది. నా వైపు చూడకుండా అడిగింది. "నేను బాగా పడినానా?"

నిన్న ఆఫీసులో ఆమె కూడా ఉంది. ఆమెకూ బూడిదే కనపడింది. ఆ బూడిద బొమ్మను కూడా మా సిద్ది అని నేను తీసేసుకున్నాను.

నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. ఆ పొద్దు ఆమె గడప ముందర రాయి మీద కూర్చుని మొదటి నుంచి చెప్పాను. సున్నం గోడ, స్టూలు, రంగు తొట్టిలో బుడగలు. రాట్నం తిప్పే చెయ్యి ఎట్లా తిరిగిందో, గాజులు ఎట్లా కిందికి జారినాయో. పుట్టుమచ్చ కూడా పడిందని చెప్పాను. మేనేజరు ఇంటామె లక్షణంగా ఉందన్నదని చెప్పాను. అది ఎవరిని అనుకుని అన్నదో చెప్పలేదు.

"నవ్వినావు" అన్నాను.

"నవ్వినానా?" అని చిలప ముఖానికి అడ్డం పెట్టుకుంది. తర్వాత దాన్ని దించి, "యెంతుంటిని అన్నా?" అంది.

రెండు చేతులూ చాచాను. అంత లేదనిపించి కొంచెం దగ్గరికి తెచ్చాను.

"ఇంత" అన్నాను.